తిమింగలములు – మానవుని కరుణ

నల్లగొండ వైపునుండి విజయవాడ రహదారి మీదుగా బస్సులో హైదరాబాదునకు వచ్చువారికి, ఎల్.బి. నగర్ కూడలి చేరక ముందే, వనస్థలిపురము చెంత కంచె వేసిన ఒక అడవి కనబడును. చుట్టును మేడలు, దుకాణములు, లారీల సందడి. నడుమ గడ్డి బయళ్ళు, ముండ్ల పొదలు, వాటి మాటున మెలితిరిగిన కొమ్ములు గల కృష్ణజింకలు, చుక్కల దుప్పులు. ఇదియే మహావీర హరిణ వనస్థలి. దీని వైశాల్యము 14 చదరపు కిలోమీటర్లకు పైబడి యున్నది.

ఒకప్పుడు ఇది నిజాము ప్రభువుల వేటస్థలము. 1975లో వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సర సందర్భమున ఈ వనమునకు ఆ అహింసామూర్తి పేరు పెట్టిరి. 1994లో ఇది జాతీయోద్యానమైనది. దొరలు తుపాకి పట్టుకొని వచ్చిన తావునకు నేడు తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకొని వచ్చుచున్నారు.

తిమింగలమును గూర్చి చెప్పబూని జింకతో ఆరంభించుట ఏల యని పాఠకులు అడుగవచ్చును. అందులకు కారణములు మూడు కలవు. జింకకును తిమింగలమునకును చుట్టరికము కలదు. రెండింటి కథయు వేటతో మొదలై రక్షణ వైపు తిరిగినది. మూడవ కారణము మన ఇంటి ముంగిటనే యున్నది. దానిని చివర చెప్పుదుము.

సముద్రములోని చుట్టము

మన పూర్వులు సముద్రములోని పెద్ద చేపను ‘తిమి’ యనిరి. ఆ తిమిని సైతము మ్రింగునది ‘తిమింగిలము’. దానినే మనము తిమింగలము అనుచున్నాము. పేరు చేపదే యైనను తిమింగలము చేప కాదు. అది మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. వేడి రక్తము గల ప్రాణి. గ్రుడ్డు పెట్టక పిల్లను కనును, పాలిచ్చి పెంచును. చేప తోక ఇటునటు ప్రక్కలకు ఆడును. తిమింగలపు తోక పైకి క్రిందికి ఆడును. దాని ముక్కు తలపై నుండును. నీటిపైకి వచ్చి శ్వాస విడిచినప్పుడు లేచు ఆవిరినే నావికులు దూరమునుండి చూచి తిమింగలము జాడ కనిపెట్టుదురు.

నీలి తిమింగలము భూమిపై ఇంతవరకు జీవించినట్లు తెలిసిన జంతువులలో మిక్కిలి బరువైనది. పొడవు 30 మీటర్ల వరకు ఉండును. బరువు 150 టన్నుల వరకు ఉండును, అనగా దాదాపు ముప్పది ఏనుగుల బరువు. ఇంతటి ప్రాణి తినునది బొటనవ్రేలు పొడవైనను లేని రొయ్య వంటి పురుగులను. అప్పుడే పుట్టిన దాని పిల్లయే ఏడు మీటర్ల పొడవుండును.

ఇక చుట్టరికము మాట. ఎ. రంగారావు అను భారతీయ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీరమున కాలాకోట్ ప్రాంతమున దొరికిన శిలాజములను పరిశీలించి, 1971లో ఒక చిన్న జంతువునకు ‘ఇండోహయస్’ అని పేరు పెట్టెను. అది సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట నివసించినది. సన్నని కాళ్ళు, గిట్టలు కలిగి, చిన్న జింకను పోలియుండెడిది. ఆయన సేకరించిన రాళ్ళను తరువాతి కాలమున అమెరికాలో విడదీసి చూచినప్పుడు, ఆ జంతువు చెవిలోని ఎముక తిమింగలముల చెవి ఎముక వలెనే యున్నట్లు తేలినది. ఈ సంగతిని థెవిసెన్ అను శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2007లో ప్రకటించిరి. నేడు తిమింగలములను శాస్త్రజ్ఞులు ఆవు, మేక, జింక, నీటిగుఱ్ఱము చేరిన చీలిన గిట్టల కుటుంబములోనే చేర్చుచున్నారు. హరిణ వనస్థలిలో గంతులు వేయు జింకయు, బంగాళాఖాతమున ఈదు తిమింగలమును ఒకే వంశవృక్షపు రెండు కొమ్మలు.

వెలుతురు కొరకు వేట

కిరసనాయిలు రాక ముందు పాశ్చాత్య దేశముల వీథిదీపములలోను, ఇండ్ల దీపములలోను తిమింగలపు నూనె వెలిగెడిది. యంత్రములకు కందెనగాను, సబ్బు తయారీకిని అదియే వాడుక. నావికులు చిన్న పడవలలో వెంబడించి చేతి ఈటెలతో పొడిచెడివారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున నార్వే దేశమునందు ఫిరంగితో ప్రయోగించి, ప్రేలుడు మందుతో చంపు ఈటె వచ్చినది. ఆవిరి నౌకలు వచ్చినవి. అంతవరకు పట్టువడని వేగము గల నీలి తిమింగలము సైతము చిక్కిపోయెను. పిదప చంపిన తిమింగలమును సముద్రము మీదనే కోసి నూనె తీయు కర్మాగార నౌకలు బయలుదేరినవి.

20వ శతాబ్దిలో వేటకు బలియైన తిమింగలముల సంఖ్య సుమారు 29 లక్షలు అని పరిశోధకులు లెక్కకట్టిరి. దక్షిణ మహాసముద్రమున నీలి తిమింగలములు పూర్వపు సంఖ్యలో నూటికి ఒక్కటి యైనను మిగులలేదు. దీపములకు కిరసనాయిలు వచ్చెను, విద్యుచ్ఛక్తి వచ్చెను; అయినను వేట ఆగలేదు. అవసరము తీరినంత మాత్రమున క్రూరత్వము తనంతట తాను తొలగిపోదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

వేటాడు దేశములు 1946లో ఒక ఒడంబడిక చేసికొని అంతర్జాతీయ తిమింగల సంఘమును ఏర్పరచుకొన్నవి. ఆరంభమున ఆ సంఘపు చింత వ్యాపారమును గూర్చియే: తిమింగలములు అంతరించినచో నూనె దొరకదు గదా యని.

పాట విన్న తరువాత

మార్పు ఒక పాటతో వచ్చినది. అట్లాంటిక్ మహాసముద్రమున బెర్ముడా దీవి చెంత, నీటి అడుగున ధ్వనులను వినుటకై అమెరికా నౌకాదళపు ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్ యంత్రములు దింపియుండెను. వాటిలో కొన్ని వింత ధ్వనులు నమోదైనవి. రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే అను శాస్త్రజ్ఞులు వాటిని మరల మరల విని, అవి మూపురపు తిమింగలములు పాడు పాటలని, ప్రతి పాటకు ఒక క్రమము కలదని కనుగొనిరి. మగ తిమింగలము ఒకే వరుసను నిముషముల తరబడి పాడి, మరల మొదటినుండి ఎత్తుకొనును. 1970లో ఈ పాటలు గ్రామఫోను రికార్డుగా వెలువడినవి. లక్షలాది జనులు వినిరి. 1977లో నక్షత్రముల వైపు పంపిన వాయేజర్ నౌకలలోని బంగారు పలకపై మానవుల పలకరింపులతో పాటు తిమింగలపు పాటను గూడ చేర్చిరి.

తిమింగలమును నూనె పీపాగా ఎంచిన లోకము దానిని ఒక గొంతు గల ప్రాణిగా వినసాగెను. దానితో చట్టములు కదిలినవి. 1979లో సీషెల్స్ అను చిన్న ద్వీప దేశము ప్రతిపాదింపగా, హిందూ మహాసముద్రము తిమింగలముల అభయస్థానముగా ప్రకటింపబడినది. 1981లో భారతదేశము తిమింగల సంఘమున సభ్యత్వము వహించినది. 1982లో వ్యాపారార్థము తిమింగలములను వేటాడరాదని సంఘము తీర్మానించినది. అది 1985-86 వేటకాలము నుండి అమలులోనికి వచ్చినది. నార్వే ఆ కట్టుబాటును అంగీకరింపలేదు. జపాను 2019లో సంఘమునుండి వైదొలగి వ్యాపార వేటను తిరిగి చేపట్టినది. కాని లోకములో వేట చాలవరకు తగ్గినది. ఫలితము కన్నుల యెదుటనే యున్నది: బ్రెజిలు తీరమునకు వచ్చెడి మూపురపు తిమింగలముల మంద ఒకప్పుడు నాలుగైదు వందలకు పడిపోగా, నేడు సుమారు 25 వేలకు పెరిగినదని 2019లో వెలువడిన పరిశోధన తెల్పుచున్నది.

తాత వలె, ఆడపడుచు వలె

శాస్త్రము చెప్పక ముందే తిమింగలమును గౌరవించిన జనులును కలరు. వియత్నాము దేశపు మత్స్యకారులు తిమింగలమును పేరు పెట్టి పిలువక, తాతకు, పెద్దమనిషికి వాడు ‘ఓంగ్’ అను గౌరవపదముతో పిలుచుదురు. తుపానులో పడవలను కాపాడు దైవమని వారి విశ్వాసము. చనిపోయిన తిమింగలము ఒడ్డునకు వచ్చినచో, దానిని మొదట చూచినవాడు పెద్దకొడుకు వలె సంతాపము పాటించి అంత్యక్రియలు జరుపవలెను. కొంతకాలము పిదప ఎముకలను తీసి గుడిలో భద్రపరచుదురు. జపానులో నాగతో పట్టణపు కాయోయి గ్రామమున వేటగాండ్రే 1692లో ఒక సమాధి నిర్మించిరి. చంపిన తల్లి తిమింగలముల గర్భమున నున్న పిల్లలను వారు అచట పూడ్చిరి. జీవనముకై చంపినవారి గుండెలో గూడ బరువుండెననుటకు ఆ రాయి సాక్ష్యము.

మన దేశమున ఇటువంటి మార్పు మన కాలముననే గుజరాతులో జరిగినది. అచటి సముద్రమునకు తిమింగల సొర అను బ్రహ్మాండమైన చేప వచ్చుచుండును. పేరున తిమింగలమున్నను ఇది చేపయే; చేపలన్నింటిలో పెద్దది, ఎవరికిని హాని చేయనిది. కాలేయపు నూనెకై, మాంసమునకై దానిని వందలాదిగా చంపుచుండిరి. 2001లో చట్టము దానిని రక్షిత ప్రాణిగా చేర్చినది. కాని చట్టమున్నదని తెలిసినవారెందరు? 2004లో వన్యప్రాణి సంస్థలు, అటవీశాఖ కలసి ప్రచారము మొదలిడినప్పుడు, రామకథా ప్రవచనకర్త మొరారీ బాపు జనులకు ఒక మాట చెప్పెను: ఇది పురిటికి పుట్టింటికి వచ్చు కూతురు వంటిది, గడపలోనికి వచ్చిన ఆడపడుచును చంపుకొందుమా? ఆ చేపకు ‘వ్హాలీ’, అనగా ప్రియమైనది, అని పేరు వచ్చినది. వేటాడిన చేతులే వలలు కోసి దానిని విడిచిపెట్టసాగినవి. అట్లు విడుదలైన చేపలు నేటికి వందలలో నున్నవి.

పురిటికి వచ్చిన కూతురన్న మాట యొక్క బలము తెలుగు గ్రామములకు వేరుగా చెప్పనక్కరలేదు.

కరుణకు అయ్యెడి వెల

ఇచట ఒక సంగతి మరువరాదు. వల కోసినచో చేప బ్రదుకును. కాని వల ఎవరిది? దినదినము సముద్రము మీద ప్రాణములొడ్డి బ్రదుకు బీద మత్స్యకారునిది. అందుచేత గుజరాతు ప్రభుత్వము కోసిన వలకు పరిహారమిచ్చు ఏర్పాటు చేసినది. ఈ ఏర్పాటు లేకున్నచో ఉపదేశము కొంతకాలమే నిలిచియుండెడిది.

మన మాగాణులలోను ఇదే ప్రశ్న కలదు. నారాయణపేట జిల్లాలో కృష్ణానది చెంతనున్న గ్రామములలో కృష్ణజింకలు గుంపులుగా చేలలో పడి పంట మేయుచున్నవి. పట్టణవాసి కంచె వెలుపల నిలబడి జింకను మెచ్చుకొనవచ్చును. మొలక పోగొట్టుకొన్న రైతునకు ఆ మెప్పు కడుపు నింపదు. కరుణ అందరిదైనప్పుడు దాని ఖర్చును అందరిదే కావలెను. పరిహారము సకాలమున అందినచోటనే భూతదయ నిలుచును.

ఒడ్డునకు వచ్చినప్పుడు

మన తీరమునకును ఈ అతిథులు వచ్చుచున్నారు. 2021 డిసెంబరులో విశాఖపట్టణము సమీపమున తంతడి తీరమునకు చేరిన ఒక తిమింగల సొరను అటవీశాఖవారు, మత్స్యకారులు, వన్యప్రాణి సంరక్షకులు కలసి ప్రాణముతో తిరిగి సముద్రములోనికి పంపిరి. 2023 జూలైలో శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలము మేఘవరము తీరమునకు నీలి తిమింగలపు కళేబరము కొట్టుకొని రాగా చుట్టుప్రక్కల జనులు చూడవచ్చిరి. పొరుగున తమిళనాడులో తూత్తుకుడి జిల్లా మణప్పాడు ప్రాంతమున 1973లో 147 చిన్న తిమింగలములు ఒడ్డెక్కినవి. 2016 జనవరిలో ఆ తీరముననే మరల 80కి పైగా ఒడ్డెక్కినవి. మత్స్యకారులు రాత్రియనక పగలనక వాటిని లోతునకు త్రోయగా కొన్ని బ్రదికినవి. పలు తిరిగి ఒడ్డునకే వచ్చి ప్రాణము విడిచినవి. ఈ జాతి తిమింగలములు గుంపును విడిచి యుండజాలవు.

కావున తీర గ్రామములవారు కొన్ని విషయములు తెలిసికొని యుండవలెను.

ఒడ్డెక్కిన తిమింగలము నీరు లేక కంటె, తన బరువు తన మీద పడుట చేతను, ఎండ వేడిమి చేతను ఎక్కువగా చనిపోవును. తడిగుడ్డలు కప్పి, సముద్రపు నీరు చల్లుచుండవలెను. తలపైనున్న శ్వాసరంధ్రమును కప్పరాదు. అందులో నీరు పోయరాదు. తోక పట్టి ఈడ్వరాదు. దానివలన ఎముకలు తప్పును. తోక దెబ్బ మనుష్యునకును ప్రాణాంతకము. జనులను, కుక్కలను దూరముగా నుంచి, సద్దు చేయక, వెంటనే అటవీశాఖకు కబురు పంపవలెను. చనిపోయిన కళేబరమును ముట్టరాదు, కోయరాదు, రోగములు సోకవచ్చును. తిమింగలములన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలునకు చెందినవి. స్పెర్మ్ తిమింగలపు ప్రేగులలో ఏర్పడు ‘ఆంబర్‌గ్రిస్’ అను సుగంధ ద్రవ్యము కోట్లు పలుకునని ఆశపెట్టువారి మాటలు నమ్మరాదు; మన దేశమున దాని క్రయవిక్రయములు నేరము.

మూసీ వెంట సముద్రము వరకు

ఇక మూడవ కారణము. దిల్‌సుఖ్‌నగర్ నుండి సముద్రము వందల కిలోమీటర్ల దూరము. అచటి బజారులో తిరుగువారిలో తిమింగలమును చూచినవారు అరుదు. అయినను ఆ బజారునకును తిమింగలమునకును ఒక దారి కలదు. దాని పేరు మూసీ.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఉత్తరముగా, చైతన్యపురి ప్రక్కనుండి మూసీ పారుచున్నది. ఆ చైతన్యపురి గుట్టపై విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనము ఒకటి కలదు. గోవిందరాజ విహారమను బౌద్ధ విహారమును అది పేర్కొనుచున్నది. సర్వప్రాణులయందు మైత్రి, కరుణ బోధించిన భిక్షువులు సుమారు 1500 సంవత్సరముల క్రిందట ఈ నది ఒడ్డుననే వసించిరి.

నేడు ఆ నదిలోనికి ఏమి పోవుచున్నది? దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్.బి. నగర్ వీథులలో వాడి పారవేసిన ప్లాస్టిక్ సంచి కాలువలో పడును. వానకాలమున కాలువ పొంగి మూసీలో కలియును. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కొంత చెత్త పులిచింతల వద్ద, ప్రకాశము బ్యారేజీ వద్ద చిక్కుకొనును. వరదలో తప్పించుకొన్నది హంసలదీవి వద్ద బంగాళాఖాతము చేరును. అది తిమింగలముల అభయస్థానముగా ప్రకటించిన హిందూ మహాసముద్రపు భాగమే.

అచట ఏమి జరుగునో ఇతర తీరముల అనుభవము చెప్పుచున్నది. 2018 నవంబరులో ఇండోనేషియాలో ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన స్పెర్మ్ తిమింగలపు కడుపులో దాదాపు 6 కిలోల ప్లాస్టిక్ ఉండెను: 115 గ్లాసులు, 25 సంచులు, రెండు చెప్పులు. 2019 మార్చిలో ఫిలిప్పీన్సులో చనిపోయిన మరియొక తిమింగలపు కడుపున 40 కిలోల ప్లాస్టిక్ దొరికినది. ఈటెతో పొడిచినవానికి తాను చంపుచున్నానని తెలియును. సంచి పారవేసినవానికి ఆ సంగతియే తెలియదు. ఈ కాలపు హింస యందలి విశేషమిదియే.

ఈ చెత్త వలన నష్టపడునది తిమింగలము మాత్రమే కాదు. పట్టణపు మురుగు కలిసిన మూసీ నీటితోనే భూదాన్ పోచంపల్లి, వలిగొండ ప్రాంతముల రైతులు వరి పండించుచున్నారు. ప్లాస్టిక్ తిని ఆవులు, గేదెలు చనిపోవుట మన పల్లెలలో కన్నులార చూచుచున్నదే. సముద్రమునకు మేలు చేయు పని మొదట మన చేనికి, మన కొట్టమునకు మేలు చేయును. ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుండి ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము నిజముగా అమలగుట సంతలోని దుకాణదారుని చేతిలో, గుడ్డసంచి పట్టుకొని బయలుదేరు గృహిణి చేతిలో ఉన్నది. చెత్తను వేరుచేసి పంచాయతీ బండికి ఇచ్చుట, పెండ్లిళ్ళలో, జాతరలలో విస్తరాకులు వాడుట, ఊరికాలువలో ఏమియు వేయకుండుట – ఇవి ఎవరికిని అసాధ్యమైనవి కావు.

హరిణ వనస్థలిలో జింకను రక్షించుటకు కంచె చాలెను. సముద్రమునకు కంచె వేయుట ఎవరి తరము? దానికి కంచె మన ఇంటి ముందరి కాలువయే. తిమింగలమును చూచు భాగ్యము మనలో పెక్కుమందికి జీవితకాలమున కలుగకపోవచ్చును. కంట చూచిన ప్రాణిపై జాలి ఎవరికైనను కలుగును. ఎన్నడును చూడబోని ప్రాణికై చేతిలోని సంచిని కాలువలో వేయక ఇంటికి తెచ్చుకొనువాడు, మూసీ ఒడ్డున ఆ భిక్షువులు బోధించిన కరుణను ఆచరణలో పెట్టినవాడగును.